పచ్చికే పంట: మిస్సోరీ పశుక్షేత్రాల్లో మేత సేద్యం

అమెరికా నడిమధ్యన ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో నాగలికి లొంగని నేల చాలా ఉంది. దక్షిణాన ఓజార్క్ కొండల వాలు, పలచటి మట్టి, అడుగడుగునా రాయి. ఉత్తరాన కూడా ఏటి ఒడ్డు చదును దాటితే ఎత్తుపల్లాలే. మొక్కజొన్నో సోయాచిక్కుడో వేస్తే గట్టి వానకు పైమట్టి కొట్టుకుపోయే ఇలాంటి నేలను అక్కడి రైతులు పచ్చికకు వదిలారు. ఆ పచ్చిక మీద మాంసపు జాతి ఆవులను మేపుతారు. తల్లి ఆవుల సంఖ్యలో టెక్సస్, ఓక్లహోమాల సరసన చెప్పుకునే రాష్ట్రం మిస్సోరీ.

సినిమాల్లో కనిపించే గుర్రపు రౌతుల వేల ఎకరాల రాంచ్‌లు ఇక్కడ అరుదు. అమెరికా మొత్తం మీద మాంసపు ఆవుల మంద సగటున నలభై అయిదుకు అటూ ఇటూగా ఉంటుంది. మిస్సోరీలో ముప్పై, నలభై ఆవుల కుటుంబాలే ఎక్కువ. భార్యాభర్తల్లో ఒకరికో ఇద్దరికో బయట ఉద్యోగం ఉంటుంది. పొద్దున్నే కాసేపు, సాయంత్రం కాసేపు, శని ఆదివారాలు పూర్తిగా మంద పని. ఆదాయం దూడల మీద వస్తుంది. ఆవుకు ఏడాదికి ఒక దూడ. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో, రెండు వందల పాతిక, రెండు వందల యాభై కిలోల బరువున్నప్పుడు తల్లి పాలు మాన్పించి వేలం సంతకు తోలుతారు. అక్కడ కొన్నవారు ఆ దూడలను మరికొన్నాళ్లు పచ్చికల్లో మేపి, చివరికి కాన్సస్, నెబ్రాస్కా, టెక్సస్‌లలోని పెద్ద పెద్ద దాణా కేంద్రాలకు పంపుతారు.

సంతలో దూడ ధర రైతు చేతిలో ఉండదు. చేతిలో ఉన్నది ఖర్చు. ఆ ఖర్చులో పెద్ద వాటా మేతది, అందులోనూ చలికాలపు ఎండుగడ్డిది. ఆవు తానే నడిచి, తన నోటితో మేసుకున్న రోజు చవకగా గడుస్తుంది. ట్రాక్టరు మీద మేత మోసుకెళ్లి వేసిన రోజు ఖరీదు పడుతుంది. ఈ క్షేత్రాల్లో మేత విధానమంతా ఆ మొదటి రకం రోజులను ఏడాదిలో వీలైనన్ని పెంచడానికే.

ముందు ఆవు ఆకలి లెక్క చూడాలి. అయిదు వందల యాభై కిలోల ఆవు రోజుకు తన బరువులో రెండున్నర శాతం ఎండు పదార్థం తింటుంది. అంటే పదమూడు, పధ్నాలుగు కిలోలు. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి పచ్చిమేతగా అది యాభై కిలోలు దాటుతుంది. ఏడాదికి దాదాపు అయిదు టన్నుల ఎండు పదార్థం. మిస్సోరీ నేలల్లో ఒక ఆవుకు, దాని దూడకు కలిపి రెండు నుంచి మూడు ఎకరాల పచ్చిక కావాలని సాధారణ లెక్క. కానీ ఈ అయిదు టన్నులు నెలనెలా సమానంగా పెరగవు. చల్లటి వాతావరణంలో బాగా పెరిగే జాతి గడ్లు ఏడాది దిగుబడిలో సుమారు మూడింట రెండు వంతులు ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలోనే ఇచ్చేస్తాయి. జూలై, ఆగస్టు ఎండలకు మందగిస్తాయి. సెప్టెంబరు వానలకు మళ్లీ లేస్తాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా దాదాపు నిద్ర. గడ్డి పెరుగుదల కొండలా లేచి పడుతుంటే, ఆవు ఆకలి మాత్రం ఇంచుమించు ఒకే మట్టంలో సాగుతుంది. ఈ రెండింటి మధ్య అంతరాన్ని పూడ్చడమే పశుపోషకుడి అసలు పని. ఆవులు ఈనే కాలాన్ని వసంతానికి దగ్గరగా పెట్టుకునేది కూడా అందుకే. ఈనిన ఆవుకు పాల కోసం మేత ఎక్కువ కావలసిన వారాలు, గడ్డి విరగబడి పెరిగే వారాలు ఒకటవుతాయి.

ఇక ఆ గడ్డి సంగతి. మిస్సోరీ, కెంటకీ, టెనెసీ, వాటి చుట్టుపక్కల రాష్ట్రాల్లో పచ్చికను ఏలుతున్నది టాల్ ఫెస్క్యూ అనే గడ్డి. దాని పుట్టిల్లు ఐరోపా. 1931లో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇ. ఎన్. ఫెర్గస్ మెనిఫీ కౌంటీలో ఒక కొండవాలు పొలంలో చలికాలంలోనూ పచ్చగా నిలిచిన ఈ గడ్డిని చూసి విత్తనం సేకరించారు. ఏళ్ల తరబడి పరీక్షించాక 1943లో కెంటకీ 31 అనే పేరుతో అది విడుదలైంది. సులభంగా మొలుస్తుంది, పలచటి నేలలోనూ పాతుకుంటుంది, గట్టు కోతను ఆపుతుంది, గిట్టల తొక్కుడును తట్టుకుంటుంది, నేలమట్టం దాకా కొరికినా చావదు. పత్తి, మొక్కజొన్న వేసి వేసి నిస్సారమైన వాలు నేలలకు ఇంతకంటే మంచి గడ్డి దొరకలేదు. ఇరవై, ముప్పై ఏళ్లలో అది ఆ ప్రాంతమంతా కప్పేసింది. నేడు దాని విస్తీర్ణం సుమారు మూడున్నర కోట్ల ఎకరాలు.

కానీ ఆ గడ్డి మీద పశువులు కుదురుగా ఉండలేదు. వేసవి వస్తే ఆవులు మేత మాని చెట్ల నీడన నిలబడేవి. కుంటల్లో పొట్టలోతు నీళ్లలోకి దిగి కదిలేవి కావు. చలికాలపు బొచ్చు వేసవిలోనూ రాలేది కాదు. దూడలు బరువు పెరగవు, ఆవులకు పాలు తగ్గుతాయి, చూలు నిలవదు. చలి తీవ్రమైన ఏడు కొన్ని పశువులకు చెవుల కొసలు, తోక చివర, వెనక గిట్టలు రక్తం అందక కుళ్లిపోయేవి. ప్రయోగశాలలో పరీక్షిస్తే మాత్రం ఈ గడ్డిలో మాంసకృత్తులకు లోటు లేదు, అరుగుదలకు లోటు లేదు. కాగితం మీద మంచి మేత, పొలంలో చెడ్డ మేత. ఈ చిక్కు ముప్పై ఏళ్లపాటు ఎవరికీ విడలేదు.

1970లలో జార్జియా రాష్ట్రంలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు చార్లెస్ బేకన్, ఆయన సహచరులు పశువులు జబ్బుపడిన పచ్చికను, పడని పచ్చికను పక్కపక్కన పోల్చి చూశారు. జబ్బు కలిగించిన గడ్డి లోపల, కణాల సందుల్లో ఒక బూజు కనిపించింది. 1977లో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం వారు బూజు ఉన్న గడ్డి మీద, లేని గడ్డి మీద కోడెలను మేపి, తేడా బూజుదేనని రుజువు చేశారు. ఈ బూజు ఆకు మీద మచ్చగా కనిపించదు. గాలిలో ఎగిరి పక్క మొక్కకు అంటుకోదు. తల్లి గడ్డి నుంచి విత్తనం ద్వారా పిల్ల గడ్డికి మాత్రమే సంక్రమిస్తుంది. మన దగ్గర సజ్జ కంకులకు వచ్చే తేనెబంక తెగులు శిలీంధ్రానికి ఇది దగ్గరి బంధువు. తేనెబంక పట్టిన గింజలు తిన్న మనిషినీ పశువునూ బాధించే విషాల కోవలోదే ఇది తయారుచేసే ఎర్గోవాలిన్. అది రక్తనాళాలను బిగిస్తుంది. చర్మం దాకా రక్తం చేరకపోతే ఒంటి వేడి బయటికి పోదు, అందుకే వేసవి ఆయాసం. చలిలో చెవులకూ గిట్టలకూ రక్తం అందదు, అందుకే ఆ కుళ్లు.

విచిత్రమేమంటే గడ్డికి ఆ మొండితనం ఇచ్చినదీ ఈ బూజే. ఎండను, పురుగును, అతి మేపును తట్టుకునే బలం అందులోంచి వచ్చింది. 1980లలో బూజు లేని ఫెస్క్యూ విత్తనం మార్కెట్లోకి వచ్చింది. దాని మీద పశువులు బాగా బలిశాయి. గడ్డి మాత్రం రెండు మూడు వేసవులకే పలచబడింది. ఆ తర్వాత న్యూజిలాండ్‌లోని అగ్‌రీసెర్చ్ సంస్థ, జార్జియా విశ్వవిద్యాలయం కలిసి పశువుకు హాని చేసే విషాన్ని పుట్టించని బూజు రకాలను వెతికి, వాటిని ఫెస్క్యూలో ప్రవేశపెట్టాయి. 2000 ప్రాంతంలో ఆ విత్తనం రైతులకు అందింది. గడ్డికి బలమూ ఉంది, పశువుకు క్షేమమూ ఉంది. అయితే పాత పచ్చికను మార్చాలంటే వెన్ను తీయకముందే దాన్ని మందుకొట్టి చంపాలి, ఒక కారు సజ్జో సూడాన్ గడ్డో వేసి అణచాలి, మళ్లీ మందుకొట్టి శరదృతువులో కొత్త విత్తనం చల్లాలి. ఆ మడి దాదాపు ఏడాది పాటు సరిగా మేపుకు రాదు, ఖర్చూ తక్కువ కాదు. చిన్న కుటుంబానికి పొలమంతా ఒకేసారి మార్చడం తలకు మించిన పని. నాలుగో వంతు మార్చుకుని, ఆవులు చూలు కట్టే నెలల్లో మందను అక్కడ ఉంచడం ఎక్కువ తెలివైన దారి.

మిగిలిన నేలలో చేసేది విషాన్ని పలచన చేయడం. ఫెస్క్యూలో క్లోవర్‌ను కలిపి పెంచుతారు. మన జనుము, పిల్లిపెసర, అలసందల్లాగే క్లోవర్ కూడా వేరుబుడిపెల్లో నత్రజని నిలిపే మొక్క. ఎర్ర క్లోవర్ రెండు మూడేళ్లు ఉంటుంది, తెల్ల క్లోవర్ పాకి ఎక్కువ కాలం నిలుస్తుంది. దీన్ని విత్తే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఫిబ్రవరిలో, మార్చి మొదట్లో రాత్రి నేల గడ్డకట్టి పగలు కరుగుతూ ఉంటుంది. అలా బిగుస్తూ వదులవుతూ ఉన్న మట్టి సన్నగా పగుళ్లు తీస్తుంది. అప్పటికే బాగా కొరుకుడు పడిన పచ్చిక మీద ఎకరానికి మూడు నాలుగు కిలోల ఎర్ర క్లోవర్, అర కిలో నుంచి కిలో దాకా తెల్ల క్లోవర్ విత్తనం రైజోబియం పట్టించి చల్లితే, ఆ పగుళ్లే దాన్ని లోపలికి మింగేస్తాయి. దుక్కి లేదు, ట్రాక్టరు లేదు. అంతకుముందే భూసార పరీక్ష చేయించి, పులుపు నేల అయితే సున్నం వేసి ఉండాలి. భాస్వరం లోటు తీర్చి ఉండాలి. ఈ రెండూ చూడకుండా చల్లిన క్లోవర్ మొలిచినా నిలవదు. కెంటకీలోని వ్యవసాయ శాఖ పరిశోధకులు ఎర్ర క్లోవర్‌లోని ఐసోఫ్లావోన్లు బిగుసుకున్న రక్తనాళాలను సడలిస్తాయని కూడా కనుగొన్నారు. అంటే క్లోవర్ విషం వాటాను తగ్గించడంతో ఆగకుండా కొంత విరుగుడుగానూ పనిచేస్తోంది.

వేడి ప్రస్తావన వచ్చినప్పుడు ఒంగోలు జాతిని తలచుకోకుండా ఉండలేం. నెల్లూరు తీరం నుంచి ఓడలెక్కిన మన పశువులు బ్రెజిల్‌లో నెలోర్ జాతిగా స్థిరపడ్డాయి. అమెరికా దక్షిణ తీరంలో గిర్, గుజరాత్ కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో కలిసి బ్రాహ్మన్ అనే కొత్త జాతికి మూలమయ్యాయి. ఆ జాతి పెంపకందారుల సంఘం 1924లో టెక్సస్‌లో ఏర్పడింది. బ్రాహ్మన్ రక్తం కలిసిన పశువులు ఫెస్క్యూ మీద వేసవిని ఇతర జాతుల కంటే నయంగా తట్టుకుంటాయి. మిస్సోరీలో మాత్రం చలి ఎక్కువ కావడం వల్ల, సంతలో నల్లటి ఆంగస్ దూడకు గిరాకీ ఉండడం వల్ల మూపురపు జాతులు తక్కువే. అక్కడి రైతు వేడిని గెలవాలంటే పచ్చిక మీదే దృష్టి పెట్టాలి.

పచ్చికను మేపే తీరులోనే క్షేత్రం నిలబడడమో కూలడమో ఉంది. ఆవు ఆకు కొరికాక గడ్డి మళ్లీ చిగురించడానికి మిగిలిన ఆకు పనిచేయాలి, కుదుటిలో దాచుకున్న చక్కెర సాయపడాలి. ఫెస్క్యూ ఆ నిల్వను నేలకు పైన మూడు నాలుగు అంగుళాల లోపు కాడలోనే దాచుకుంటుంది. చిగురు పూర్తిగా ఎదగకముందే ఆవు రెండోసారి కొరికితే గడ్డి ఉన్న నిల్వనూ ఖర్చు చేస్తుంది, వేరు కుదించుకుంటుంది. మందను ఏడాదంతా ఒకే బీడులో వదిలేస్తే జరిగేది ఇదే. ఆవులు లేత చిగురు ఉన్న చోటికే మళ్లీ మళ్లీ వెళతాయి. అక్కడ నేల నున్నగా అవుతుంది, పది గజాల అవతల ముదిరిన గడ్డి వెన్నులు తీసి వృథాగా నిలుచుంటుంది. అలాంటి బీడులో పెరిగిన గడ్డిలో మూడో వంతే పశువు పొట్టలోకి చేరుతుంది. మందను మడి నుంచి మడికి జరుపుతూ మేపితే అది సగం దాటుతుంది.

ఈ విషయాన్ని శాస్త్రంగా చెప్పినవారిలో ముందు పేరు ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే వాయిజాఁది. ఆయన నార్మండీలో పశువులు మేపుకుంటూ పరిశోధన చేసినవారు. గడ్డి ఉత్పాదకత గురించి 1957లో ఆయన రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది. గడ్డికి విశ్రాంతి ఎన్ని రోజులన్నది కాలాన్ని బట్టి మారాలనీ, ఒకే మడిలో పశువులు ఎక్కువ రోజులు ఉండి అదే చిగురును రెండోసారి కొరకకూడదనీ ఆయన బోధ. క్యూబా ప్రభుత్వ ఆహ్వానం మీద వెళ్లి 1964లో హవానాలోనే కన్నుమూశారు. మిస్సోరీలో ఈ పద్ధతిని స్థానిక నేలలకు కుదిర్చి పరీక్షించిన చోటు లినియస్ ఊళ్లోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు పశుగ్రాస పరిశోధన కేంద్రం. జిమ్ గెరిష్ అక్కడ ఏళ్లపాటు పనిచేశారు. రైతులకు మూడు రోజుల మేపు బడులు నడిపే ఆనవాయితీ అక్కడి నుంచే ఊపందుకుంది. రాష్ట్ర ప్రజలు 1984లో ఓటు వేసి ఆమోదించిన ఒక చిన్న అమ్మకపు పన్ను, అంటే రూపాయికి పైసాలో పదో వంతు వంటిది, అందులో సగం నేల కోతను ఆపే పనులకు వెళుతుంది. కంచెలు, నీటి గొట్టాల ఖర్చులో కొంత వాటాను రైతులు అందులోంచి పొందుతారు. ఒక రాష్ట్రం మట్టి కోసం తనపై తాను పన్ను వేసుకోవడం మెచ్చుకోదగిన విషయం.

ఆచరణలో ఇలా ఉంటుంది. పచ్చికను ఎనిమిది నుంచి పన్నెండు మళ్లుగా విభజిస్తారు. గడ్డి ఎనిమిది, పది అంగుళాలు పెరిగాక మందను దించుతారు. నాలుగు అంగుళాలు మిగిలి ఉండగానే తీసేస్తారు. లెక్క సులభం. ఎకరంలో ఒక అంగుళం ఎత్తు దట్టమైన పచ్చికలో సుమారు వంద కిలోల ఎండు పదార్థం ఉంటుంది. తొమ్మిది నుంచి నాలుగు అంగుళాల దాకా మేపితే అయిదు వందల కిలోలు. అందులో తొక్కుడుకు, పేడ పడినందుకు వంద కిలోలు తీసేస్తే నాలుగు వందలు మిగులుతాయి. ముప్పై ఆవులకు అది ఒక రోజు మేత. ఎంత మడి ఎన్ని రోజులకు ఇవ్వాలన్నది రైతు ఇలా కొలబద్ద పట్టుకుని, కంటితో సరిచూసుకుని తేల్చుకుంటాడు. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి పదిహేను, ఇరవై రోజుల్లో తిరిగి లేస్తుంది కాబట్టి మందను వేగంగా తిప్పాలి, పైపైన కొరికించి వెన్ను రాకుండా చూడాలి. ఫెస్క్యూ విషం ఎక్కువగా చేరేది వెన్నుల్లోనే, అందుకే ఈ తొందరకు రెండింతల ప్రయోజనం. జూలైలో అదే మడికి ముప్పై, నలభై అయిదు రోజుల విశ్రాంతి కావాలి. క్యాలెండరు చూసి వారానికొక మడి అని తిప్పేవాళ్లు వసంతంలో గడ్డి ముదరబెట్టుకుంటారు, వేసవిలో నేలను బోడి చేసుకుంటారు.

మళ్లను విడగొట్టేది ఎక్కువగా కరెంటు తీగ. అంచు కంచె శాశ్వతంగా ఉంటుంది. లోపల సన్నటి లోహపు పోగులు కలిపి పేనిన ప్లాస్టిక్ తాడు, కాలితో నొక్కి నాటే తేలికపాటి గుంజలు. ఒక మనిషి పదిహేను, ఇరవై నిమిషాల్లో కొత్త మడిని కట్టేయగలడు. ఆవులు ఒకటి రెండుసార్లు ముక్కుకు తగిలాక ఆ తాడును గౌరవిస్తాయి. మనిషి కనిపిస్తే కొత్త మేత దొరుకుతుందని నేర్చుకున్న మందను తోలడానికి కేకలు, కుక్కలు అక్కర్లేదు. రోజూ మందను దగ్గర నుంచి చూడడం వల్ల కుంటే ఆవు, ఎదకు వచ్చిన పెయ్య, పారుడు పట్టిన దూడ అదే రోజు కంట పడతాయి. ఈ పద్ధతిలో పైకి కనిపించని లాభం ఇదే, దీన్ని డబ్బులో కొలవడం కష్టం.

నీరు దగ్గర లేకపోతే ఈ ఏర్పాటంతా వృథా. నీటి తొట్టి రెండు వందల నలభై మీటర్లకు మించి దూరంగా ఉంటే మంద మొత్తం గుంపుగా బయల్దేరి వెళుతుంది, తొట్టి దగ్గరే తిష్ఠ వేస్తుంది. దగ్గరలో ఉంటే ఒక్కో ఆవు విడిగా వెళ్లి తాగి మళ్లీ మేతకు వస్తుంది. పేడ ఎక్కడ పడుతుందన్నది కూడా దీన్నిబట్టే ఉంటుంది. మంద తిన్నదానిలోని పోషకాల్లో చాలా భాగం పేడగా, మూత్రంగా నేలకే తిరిగి వస్తుంది. అవి చెట్ల నీడన, నీటి గట్టునే పోగుపడితే మిగతా పొలం ఏటేటా బక్కచిక్కుతుంది. మిస్సోరీలో వేసిన లెక్క ప్రకారం ఒకే బీడులో విడిచి మేపితే ప్రతి చదరపు గజానికి ఒక పేడకడి చేరడానికి ఇరవై ఏడేళ్లు పడుతుంది. రెండు రోజులకొకసారి మడి మారిస్తే రెండేళ్లు చాలు. మందను కుంటలోకి నేరుగా దిగనివ్వకుండా కంచె కట్టి, దిగువన తొట్టి పెట్టి గొట్టంతో నీరు అందించే రైతుల కుంటలు పూడకుండా ఎక్కువ కాలం నిలుస్తాయి.

నడివేసవి లోటుకు ఆ నేలలోనే పుట్టిన జవాబు ఉంది. ఐరోపా వలసలకు ముందు మిస్సోరీలో మూడో వంతు నేల బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ వంటి నిలువెత్తు గడ్ల మైదానం. ఇప్పుడు అందులో మిగిలినది ఒక శాతం కంటే తక్కువ. మన జొన్న, సజ్జల్లాగా ఎండ కాసినకొద్దీ పెరిగే జాతులివి. జూన్ నుంచి ఆగస్టు దాకా, ఫెస్క్యూ అలసిపోయిన రోజుల్లో ఇవి బలంగా ఉంటాయి. విషం లేదు. పాదుకోవడానికి రెండు మూడేళ్ల ఓపిక కావాలి. మేపేటప్పుడు పది, పన్నెండు అంగుళాల మోడు వదలాలి. ఫెస్క్యూ మేపినట్టు మేపితే రెండేళ్లలో చచ్చిపోతాయి. పొలంలో అయిదో వంతైనా వీటికి ఇచ్చిన రైతు జూలైని ధైర్యంగా చూస్తాడు.

వసంతంలో మంద తినగా మిగిలినది ఎండుగడ్డి అవుతుంది. కోతకు సరైన సమయం పొట్ట దశ, వెన్ను బయటికి తొంగిచూసే వేళ. ఆ వేళ మే నెల మధ్యలో వస్తుంది, వానలూ అప్పుడే వస్తాయి. గడ్డి ఆరడానికి మూడు రోజుల ఎండ దొరక్క చాలామంది జూన్ చివర దాకా ఆగుతారు. అప్పటికి కాడ గట్టిపడి, మాంసకృత్తులు తగ్గి, ఆవు పొట్ట నిండినా ఒళ్లు చేయని గడ్డి మిగులుతుంది. చుట్టిన గడ్డి నిల్వలో కూడా నష్టమే. అయిదడుగుల మందం ఉన్న చుట్టలో బయటి అరడుగు పొరే మొత్తం గడ్డిలో మూడో వంతు పైన ఉంటుంది. దాన్ని తడినేల మీద, ఆరుబయట వదిలితే ఆ పొర కుళ్లుతుంది. పైకప్పో, కనీసం అడుగున కంకర పరుపో వేస్తే కొన్నేళ్లలో ఆ ఖర్చు తిరిగి వస్తుంది. కోసిన ప్రతి టన్ను గడ్డితో ఇరవై కిలోలకు పైగా పొటాష్ పొలం దాటిపోతుంది. కాబట్టి కోసిన మడిలోనే చుట్టలు విప్పి పరచి మేపితే పేడ, మూత్రం అక్కడికే చేరతాయి. ఏటా ఒకే గేటు పక్క బురదలో మేత వేయడం సారాన్ని బురదలో పాతిపెట్టడమే.

ఎండుగడ్డి అవసరాన్నే తగ్గించే ఉపాయం ఒకటి ఫెస్క్యూ ఇచ్చింది. ఈ గడ్డిని తిట్టుకునేవారు కూడా దీనికోసం దాన్ని క్షమిస్తారు. ఆగస్టు మొదట్లో కొన్ని మళ్లను బాగా మేపించి, ఆ నెల నడుమ వారాల్లో ఎకరానికి ఇరవై నుంచి ముప్పై అయిదు కిలోల నత్రజని వేసి, మందను అటు రానివ్వరు. శరదృతువు చల్లదనానికి ఆకు దట్టంగా వస్తుంది, వెన్ను రాదు. ఆకు మీద మైనం పొర ఉండడం వల్ల మంచు పడినా కుళ్లదు. చల్లబడే కొద్దీ ఆకులో చక్కెర పెరుగుతుంది, డిసెంబరు, జనవరి నాటికి విషం చాలా తగ్గుతుంది. అలా నిలవేసిన పచ్చికను నవంబరు చివర నుంచి తీగ జరుపుతూ కొద్దికొద్దిగా వదులుతారు. లినియస్‌లో చేసిన పరీక్షలో ఒకేసారి పధ్నాలుగు రోజుల మేత వదిలినదానికంటే మూడు రోజుల మేత చొప్పున వదిలినప్పుడు ఎకరానికి మేపు రోజులు నలభై శాతం పెరిగాయి. తేలికపాటి మంచును ఆవులు ముట్టెతో తోసుకుని మేస్తాయి. పైన గడ్డకట్టిన మంచు పలక పరుచుకున్న రోజున మాత్రం ఎండుగడ్డి తప్పదు.

పచ్చికలో ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. వసంతంలో విసురుగా పెరిగిన లేత గడ్డిలో మెగ్నీషియం చాలదు. అప్పుడే ఈనిన ముదురు ఆవులు తూలి, వణికి, గంటల్లో పడిపోతాయి. పొటాష్, నత్రజని అతిగా వేసిన చోట ఇది ఎక్కువ. మేతకు దించే రెండు మూడు వారాల ముందు నుంచే మెగ్నీషియం కలిపిన ఖనిజ మిశ్రమం పెట్టాలి. పచ్చికలో క్లోవర్ సగం దాటితే ఆకలి మీద ఉన్న ఆవుకు కడుపుబ్బరం పట్టుకుంటుంది, అందుకే ముందు కాస్త ఎండుగడ్డి తినిపించి దించుతారు. సూడాన్ గడ్డి, జొన్న జాతి మేతల సంగతి తెలుగు రైతుకు చెప్పనక్కర్లేదు. వానలేక వాడిన లేత జొన్న, కోసిన మోడు నుంచి వచ్చిన పిలక మేసి పశువు నిమిషాల్లో కూలడం మెట్ట పల్లెల్లో అందరూ ఎరిగినదే. మిస్సోరీలో అదే సయనైడ్ విషం శరదృతువులో తొలి మంచు పడిన రోజుల్లోనూ వస్తుంది. బాగా ఎండబెట్టిన గడ్డిలో సయనైడ్ ఎగిరిపోతుంది. ఎద్దడికి పేరుకున్న నైట్రేట్ మాత్రం ఎండినా పోదు, దాన్ని పరీక్ష చేయించకుండా మేపకూడదు. గాలివానకు విరిగి పచ్చికలో పడిన అడవి చెర్రీ కొమ్మల వాడిన ఆకు కూడా సయనైడే.

ఇన్ని ఏర్పాట్లనూ కరువు ఒక్కసారిగా పరీక్షిస్తుంది. 2012 వేసవిలో మిస్సోరీ మొత్తం ఎండిపోయింది. కుంటలు అడుగంటాయి, ఎండుగడ్డి ధర ఆకాశానికంటింది, చాలా మందలు సంతకు చేరాయి. ఆ ఏడు తట్టుకున్న క్షేత్రాల్లో ఎక్కువగా కనిపించినవి రెండు. పచ్చిక పూర్తిగా భరించగల ఆవుల కంటే కొన్ని తక్కువే ఉంచుకోవడం. వేటిని ముందు అమ్మాలో వాన కురుస్తున్నప్పుడే రాసిపెట్టుకోవడం. చూలు లేని ఆవులు ముందు, ముసలివి తర్వాత, దూడలను మామూలు కంటే నెల రెండు నెలల ముందే పాలు మాన్పించడం ఆ తర్వాత. పాలు మానిన ఆవుకు మేత అవసరం బాగా తగ్గుతుంది. గడ్డి పెరగడం ఆగిన రోజుల్లో మందను మళ్లన్నిటా తిప్పడం మానేసి ఒక్క మడిలో కట్టడి చేసి ఎండుగడ్డి వేస్తారు. ఆ మడి పాడైనా మిగతావి బతుకుతాయి. వాన పడ్డాక తొలి పచ్చదనం చూసి వెంటనే మందను దించకూడదు. ఆ చిగురు కుదుటిలో చివరి నిల్వ ఖర్చుపెట్టి వచ్చినది. ఎనిమిది అంగుళాలు లేచేదాకా ఆగి, మొదటిసారి పైపైన మాత్రమే కొరికించి, పోయిన చోట్ల ఫిబ్రవరిలో క్లోవర్, శరదృతువులో ఫెస్క్యూ విత్తనం మళ్లీ చల్లుతారు. పచ్చిక పాత దట్టానికి చేరాకే అమ్మిన ఆవుల స్థానంలో పెయ్యలను నిలుపుకుంటారు.